నూట నాలుగులో లీకు

ఆ హోటల్లో గదులు నూట ఇరవై. వచ్చినవాళ్ళలో ఎవరు ఏ గదిలో పడుకోవాలో తేల్చేది ఒకే ఒక్క మనిషి. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు, అందరికీ ఆమె గదులక్కే. ముందు డెస్కు వెనక, తాళాల బీరువాకి అవతల, కిటికీ లేని గదిలో కూర్చుంటుంది. సముద్రం కనబడే గది కోసం జనం కుస్తీలు పడుతుంటే, ఆ గదులు పంచిపెట్టే మనిషికి కనబడేది మాత్రం సున్నం గోడ. పద్దెనిమిదేళ్ళుగా అదే గోడ. దాని మీద ఎక్కడెక్కడ పెచ్చులూడాయో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు.

పొద్దున ఏడింటికి ఆ రోజు వచ్చేవాళ్ళ జాబితా చేతికొస్తుంది. పేరు, ఎందరు, ఎన్ని రాత్రులు, చివర్న కోరికల గడి. ఆ గడి చదవాలంటే ఓపిక కావాలి. అలలు వినబడాలి గానీ పక్కగది వాళ్ళు వినబడకూడదంటాడొకడు. ఎండ రావాలి, వేడి రాకూడదంటుంది ఇంకొకావిడ. ఒకసారి ఒకాయన తమ గదికీ తల్లి గదికీ మధ్య తలుపుండాలని రాయించాడు. గంట తిరక్కుండానే ఆయన భార్య ఫోన్ చేసి ఆ తలుపు ఉండకూడదంది, ఉంటే గడియ తమవైపు ఉండాలంది, తాను ఫోన్ చేసిన సంగతి ఆయన చెవిన పడకూడదంది. గదులక్క తలుపున్న గదులే ఇచ్చి, ఆ తలుపుకి అడ్డంగా ఒక బట్టల బీరువా వేయించింది. వెళ్ళేరోజు ఆ ముగ్గురూ విడివిడిగా వచ్చి ఆమెకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

ఇవన్నీ సరదా కోరికలు. వీటిని ఆమె పెన్సిలుతో రాసి రబ్బరుతో తుడిచేస్తుంటుంది. పెన్నుతో రాసేవి వేరే ఉన్నాయి. ఫలానా గది అయితే తప్ప ఉండలేనివాళ్ళు అన్నిటికన్నా ముందు. చక్రాల కుర్చీ మీద వచ్చేవాళ్ళు, కర్ర లేనిదే అడుగు వెయ్యలేనివాళ్ళు, చూపులేనివాళ్ళు. వాళ్ళకి గది ఖాయం చేశాకే మిగతా ప్రపంచం. వాళ్ళ తరవాత చంటిపిల్లల తల్లులు. పిల్లల్ని ఒక అంతస్తులో, తల్లిదండ్రుల్ని ఇంకో అంతస్తులో పడేయడం ఆమె దృష్టిలో నేరం. నడక నేర్చిన పిల్లాడికి బాల్కనీ గదివ్వడం అంతకన్నా పెద్ద నేరం. ఆ తరవాత ముసలివాళ్ళు. ఏటా వచ్చే, హోటల్ సభ్యత్వమున్న కార్డు అతిథులు వాళ్ళ వెనక. అందరికన్నా ఆఖర్న కొత్తగా పెళ్ళైన జంటలు. వాళ్ళకి ఏ గదిచ్చినా సముద్రం వైపు చూడరని ఆమె నమ్మకం.

ఆ మొదటి వరసవాళ్ళకి పనికొచ్చే గదులు హోటల్ మొత్తానికీ రెండే. కింది అంతస్తులో నూట నాలుగు, నూట ఆరు. గడప ఉండదు, తలుపులు వెడల్పు, స్నానాల గదిలో గోడకి కడ్డీలు, కుర్చీతో సహా లోపలికి వెళ్ళి స్నానం చేయొచ్చు. మిగతా నూట పద్దెనిమిదింటిలోనూ స్నానాల గది తలుపు ఇరవైనాలుగు అంగుళాలు, కింద మెట్టు ఒకటి. చక్రాల కుర్చీ ఇరవైయేడు. ఆ మూడు అంగుళాల తేడాతో ఆమె పద్దెనిమిదేళ్ళు కాపురం చేసింది.

చిక్కేమిటంటే, ఖాళీగా కనబడ్డ గదిని కంప్యూటరు అమ్మేస్తుంది. దానికి మూడు అంగుళాల సంగతి తెలియదు. పైగా నిజంగా అవసరమున్నవాళ్ళే ముందుగా చెప్పరు. మామూలు గది తీసుకుని, తీరా తండ్రిని కుర్చీలో తోసుకుంటూ వచ్చి డెస్కు ముందు నిలబడతారు. "ముందే ఒక్క మాట చెప్పుంటే మీ కోసం పెన్నుతో రాసి పెట్టేదాన్ని కదండీ" అని గదులక్క మెత్తగా మందలిస్తుంది. వాళ్ళు నీళ్ళు నములుతారు. చెబితే గదే లేదంటారేమోనని కొందరికి భయం. ఆ మాట పైకి అనడానికి నోరు రాక ఇంకొందరు ఊరుకుంటారు. అలాంటివాళ్ళని చూస్తే ఆమెకు జాలి వేసేది కాదు, కోపం వచ్చేది. అడగడానికి ఏమొచ్చింది వీళ్ళకి అనుకునేది.

అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టుకుంది. నూట నాలుగుని రిపేరులో ఉన్నట్టు చూపిస్తుంది. 'స్నానాల గదిలో లీకు' అని రాస్తే చాలు, కంప్యూటరు ఆ గది జోలికి రాదు. సాయంత్రం నాలుగింటి వరకూ చూసి, ఎవరైనా చెప్పకుండా కుర్చీలో దిగితే లీకు చిటికెలో మాయమవుతుంది. ఈ రహస్యం తెలిసింది పాత ప్లంబరు ఒక్కడికే. "నూట నాలుగు మళ్ళీ కారుతోందామ్మా?" అని ఆయన కళ్ళతో నవ్వేవాడు. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గదికి పానా పట్టుకుని వెళ్ళలేదు. మూడుసార్లు పిలిస్తే గానీ స్టూలు దిగని మనిషి కాబట్టి ఎవరికీ అనుమానమూ రాలేదు.

ఎనిమిది నెలల కిందట కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, ఇస్త్రీ చొక్కా లాంటి మనిషి. కార్డు అతిథుల్ని ఒక మెట్టు పైకి జరపమన్నాడు, కానీ నడవలేనివాళ్ళని కిందికి దించమనలేదు. "వీల్‌చెయిర్ అని ఎవరు రాసినా గది ఖాయం మేడమ్, అందులో మార్పు లేదు" అని మొదటి సమావేశంలోనే చెప్పాడు. ఆ మాట గదులక్క స్వయంగా తన చేత్తో రాసి డెస్కు లోపలి గోడకి అంటించింది.

ఇక ఆమె ఇంటి సంగతి.

ఆమె ఇల్లు మూడో అంతస్తులో. కింద టైలరు షాపు, ఇస్త్రీ షాపు. లిఫ్టు లేదు. మెట్లు యాభైనాలుగు, మధ్యలో మూడు మలుపులు. మలుపు దగ్గర ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాలి. ఆ యాభైనాలుగు మెట్ల పైన, వంటగదికీ మంచానికీ మధ్య, ఆమె భర్త పదకొండు నెలలుగా ఉంటున్నాడు.

ఆయన సిటీ బస్సులో కండక్టరు. ఇరవైరెండేళ్ళు నిలబడి ఉద్యోగం చేసిన మనిషికి ఒక ఉదయం కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట దక్కింది, చమత్కారం దక్కింది, నడక దక్కలేదు. ఆసుపత్రి నుంచి నలుగురు మోసుకొచ్చి పైన దించారు. అంతే, మళ్ళీ కిందికి దిగలేదు. చక్రాల కుర్చీ వచ్చింది గానీ ఇంట్లో అది నాలుగడుగులు ముందుకీ, నాలుగడుగులు వెనక్కీ వెళ్తుంది. తిప్పడానికి చోటు లేదు. వీధి చూడాలంటే కిటికీ ఎత్తు. కూర్చున్న మనిషికి ఎదురింటి నీళ్ళ ట్యాంకు పైభాగం, ఇంత ఆకాశం కనబడతాయి. "ఆ ట్యాంకు ఎప్పుడు నిండుతుందో, ఎప్పుడు పొంగుతుందో వాళ్ళకన్నా నాకే బాగా తెలుసు" అనేవాడు.

ఈ సంగతి హోటల్లో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి రోజుల్లో చెల్లెలి పెళ్ళని చెప్పి ఆమె సెలవు పెట్టింది. వచ్చాక చెబుదామనుకుంది, ఒక వారం గడిచింది, నెల గడిచింది, ఆ తరవాత చెప్పడం ఇంకా కష్టమైపోయింది. అక్కడ ఆమె ఇచ్చే మనిషి. పది మంది ఆమె ముందు నిలబడి అడుగుతారు. అదే పది మంది తన వెనక "పాపం" అనుకోవడం ఆమెకు తలచుకుంటేనే ఒళ్ళు కంపరమెత్తేది. "ఆయన బావున్నారా అక్కా?" అని డెస్కు అమ్మాయి అడిగితే "ఆయనకేం, నిక్షేపంలా ఉన్నారు" అనేది. అన్నాక లోపలి గదికి వెళ్ళి గోడ వైపు చూస్తూ కూర్చునేది.

ఆయన అడిగింది ఒక్కటే. హోటల్ సిబ్బందికి ఏడాదికి ఒక రాత్రి బస ఉచితం, గది ఖాళీ ఉంటే. పద్దెనిమిదేళ్ళలో ఆమె ఒక్కసారీ వాడుకోలేదు.

"ఇరవైరెండేళ్ళు ఆ గేటు ముందు బస్సాపి, హోటల్ స్టాపు, దిగేవాళ్ళు దిగండి అని అరిచాను. ఒక్కసారి నన్ను కూడా దిగనీ" అన్నాడు.

"ఎలా తీసుకెళ్ళమంటారు?"

"ఎలా తెచ్చారో అలాగే. ఒక్క రాత్రి. కిటికీ కింద నేలుండాలి, అంతే."

ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. వానలు వెనకబట్టాక హోటల్లో జనం పలచబడే మంగళవారం ఒకటి చూసింది. ఆయనతో పనిచేసిన పాత డ్రైవరుకి ఇప్పుడు సొంత వ్యాను ఉంది. ఆయనా, కింది టైలరూ, ఇస్త్రీ ఆయనా, ఇస్త్రీ ఆయన బావమరిదీ మోస్తామన్నారు. అయితే పొద్దున దించడం, మర్నాడు సాయంత్రం షాపులు కట్టేశాక ఎక్కించడం. మధ్యలో కుదరదు.

శనివారం ఆమె దరఖాస్తు నింపింది. సిబ్బంది బస. ఇద్దరు. ఒక రాత్రి. చివర్న కోరికల గడి. అక్కడ పెన్ను ఆగింది. రెండు ముక్కలు రాస్తే చాలు, ఆ గదిని ఎవడూ కదపలేడని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ హోటల్లో లేరు. కానీ ఆ కాగితం డెస్కు అమ్మాయి చదువుతుంది, మేనేజరు సంతకం పెడతాడు, మధ్యాహ్నానికి సామాను మోసేవాళ్ళ దాకా పాకుతుంది. గడి ఖాళీగా వదిలేసి సంతకం చేసింది. తరవాత కంప్యూటరు తెరిచి నూట నాలుగు ఎదురుగా 'స్నానాల గదిలో లీకు, బుధవారం వరకు' అని కొట్టింది. ఆదివారం తన వారపు సెలవుకి తోడు సోమ, మంగళ, బుధవారాలు కూడా సెలవు పెట్టి ఇంటికెళ్ళింది. పాత ప్లంబరు కిందటి నెలలో ఉద్యోగం విరమించాడని, ఆయన వీడుకోలు సభలో తానే దండ వేసిందని ఆ సమయంలో ఆమెకు తట్టనేలేదు.

సోమవారమంతా ఆ ఇంట్లో సందడే. మంగలిని పైకి పిలిపించారు. ఆయన కొత్త చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసుకుని, మళ్ళీ విప్పించి మడత పెట్టించాడు. "అక్కడ టీ గదికే తెస్తారా?" అని అడిగాడు. తెస్తారంది. "ఎన్నిసార్లు అడిగినా తెస్తారా?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వి చాలా రోజులైంది.

మంగళవారం పదింటికి దించడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ కుర్చీకి దుప్పటితో నడుం కట్టి, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. మొదటి మలుపులో కుర్చీ కాలు గోడకి తట్టుకుంది. రెండో మలుపులో టైలరుకి చెయ్యి పట్టేసింది, ఆయన్ని గాలిలో అలాగే ఏటవాలుగా పట్టుకుని నిలబడ్డారు. "చిల్లర ఉంచుకోండి, ముందుకి జరగండి" అన్నాడాయన కింద చూడకుండా. అందరూ నవ్వారు గానీ ఆయన ఎడమచెయ్యి కుర్చీని ఎంత గట్టిగా పట్టుకుందో గదులక్క చూసింది. కిందికి చేరేసరికి నలుగురికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన మాత్రం వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా తీరిగ్గా చూశాడు.

వ్యానులో దారంతా స్టాపుల పేర్లు చదువుతూ వచ్చాడు. చక్రాల కుర్చీ వెనక సీటులో మడతపెట్టి ఉంది. పాత డ్రైవరు అలవాటుగా ప్రతి స్టాపు దగ్గరా వేగం తగ్గించాడు. హోటల్ గేటు రాగానే ఆయన గొంతు సవరించుకున్నాడు గానీ అరవలేదు, వంగి లోపలికి చూశాడు.

పక్కవైపు బండ్లు ఆపే చోట వ్యాను పెట్టించి గదులక్క తాళం కోసం లోపలికి వెళ్ళింది. నడవాలో అడుగుపెట్టగానే గోడలు అదురుతున్న చప్పుడు వినబడింది. చప్పుడు నూట నాలుగులోంచి వస్తోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం నిలబెట్టి గుడ్డ కప్పారు. స్నానాల గదిలో నేల రాళ్ళన్నీ పగలగొట్టి, కమోడు ఊడదీసి గోడకి ఆనించి, ముగ్గురు మనుషులు మోకాలి లోతు గోతిలో పని చేస్తున్నారు. గోడ కడ్డీలు తీసి కిటికీలో పెట్టారు.

గదులక్క గుమ్మం పట్టుకుని లోపలికి వంగింది. "ఇదేంటి? ఎవరు చెయ్యమన్నారు?"

"లీకుందని రాశారు కదమ్మా" అన్నాడు మేస్త్రీ, దుమ్ములోంచి తలెత్తి. "పొద్దుట్నుంచి వెతుకుతున్నాం. ఎక్కడా చుక్క తడి లేదు. గోడలో ఉందేమో, మధ్యాహ్నం గోడ కూడా కొడతాం."

"లేదేమో. ఆపెయ్యండి."

"లేకపోతే ఎందుకు రాస్తారమ్మా ఎవరైనా?"

ఆమె వెనక్కి తిరిగి డెస్కు వైపు నడిచింది.

డెస్కు అమ్మాయి సంగతి చెప్పింది. మేనేజరు ఆదివారం కొత్త ఆజ్ఞ పెట్టాడట. రిపేరు అని రాసిన గది రెండు రోజుల్లో పని మొదలై తీరాలి, ప్లంబరు లేడు కాబట్టి పని బయటివాళ్ళకి ఇచ్చేశారు. అంతలో మేనేజరే వచ్చాడు, ముఖం వెలిగిపోతూ.

"మీరు రాసిన లీకు పనే మేడమ్. పెళుసు నేల, మూడు వారాలు పడుతుందంటున్నారు. పాత గొట్టాలన్నీ మార్పించేస్తున్నా. సీజను మొదలయ్యేలోపు అయిపోతుంది."

సీజను మొదలయ్యాక సిబ్బందికి గది ఇవ్వరు. ఆ నియమం కాగితం మీద పెట్టిందీ ఆమే.

"నూట ఆరు ఉందా సార్?"

"కార్డు అతిథి ఉన్నాడుగా. శుక్రవారం దాకా. ఆయనకి ఆ పెద్ద బాత్రూమంటే ప్రాణం, లోపల కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటాడు" అని నవ్వాడు మేనేజరు. "మీ బస నేను మర్చిపోలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు మీది. మూడో అంతస్తులో, సముద్రం ఎదురుగా, మూల గది ఇమ్మన్నాను. కార్డు ఉన్నవాళ్ళకే ఇచ్చేది. సార్ వచ్చారా?"

మూడో అంతస్తు. లిఫ్టుంది గానీ, స్నానాల గది తలుపు ఇరవైనాలుగు అంగుళాలు, కింద మెట్టు. ఒక రాత్రి, ఒక పగలు. నడవలేనివాళ్ళకి ఎవరికైనా అలాంటి గది ఇస్తే డెస్కు మనిషిని ఆమె చీల్చి చెండాడేది. మేనేజరు ఆమె ముఖంలో సంతోషం కోసం చూస్తున్నాడు.

"థాంక్స్ సార్" అంది.

తాళం చేత పట్టుకుని ఆమె వ్యాను దగ్గరికొచ్చింది. పాత డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడు. వ్యాను పక్క తలుపు తెరిచే ఉంది. ఆయన కొత్త చొక్కాలో, దువ్విన తలతో, పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. ఆమె ఎక్కి పక్కన కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది, లీకు దగ్గర నుంచీ.

"ఏది, ఆ గది ఏది?" అన్నాడు చివరికి.

చూపించింది. మొక్కల వెనక రెండో కిటికీ. కిటికీ కింద నేలే ఉంది, గడ్డి ఉంది. లోపల్నుంచి ఒక చెయ్యి వచ్చి తట్టెడు రాళ్ళ ముక్కలు ఆ గడ్డి మీద పారబోసింది. ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అడిగాడు.

"నాలాంటివాళ్ళు ముందు చెబితే ఏం చేస్తారిక్కడ?"

"అందరికన్నా ముందు రాస్తాం."

"గది ఇస్తారా?"

"ఖాయంగా ఇస్తాం."

"ఎవరు రాస్తారు?"

"నేనే."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "మరి నా సంగతి ఎందుకు రాయలేదు?"

ఆమె తాళాన్ని చేతిలో తిప్పింది. "మిమ్మల్ని చూసి వాళ్ళంతా పాపం అనుకుంటే నేను భరించలేను."

"అనుకుంటే అనుకోనివ్వాల్సింది" అన్నాడాయన. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఆమెకి కాస్త సుఖంగా ఉండేది. "నేనైతే ఈపాటికి ఆ కిటికీ దగ్గర కూర్చుని ఉండేవాణ్ణి. ఇంట్లో మెట్లు నన్ను ఆపాయి. వాటికి బుద్ధి లేదు. ఇక్కడ నువ్వు ఆపావు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుంది. మోసేవాళ్ళు రేపు సాయంత్రానికి గానీ రారు. బతిమాలితే ఇవాళ షాపులు కట్టేశాక వస్తారేమో. ఈలోపు పైకి ఎక్కించే దారి లేదు, లోపలికి తీసుకెళ్ళే దారి లేదు. ఎండ వ్యాను పైకప్పు మీదికి వచ్చింది. ఆయన చొక్కా చెమటకి వీపుకి అంటుకుంది. మూత్రానికి వెళ్ళాలని ఆయన అడగలేక ఆపుకుంటున్నాడని ఆమెకి అర్థమైంది. ఇంత పెద్ద హోటల్లో ఆయన వెళ్ళగలిగిన రెండు స్నానాల గదుల్లో ఒకటి గొయ్యి, రెండోదాంట్లో ఎవరో పేపరు చదువుకుంటున్నారు.

డెస్కు అమ్మాయి నీళ్ళ సీసా పట్టుకుని వ్యాను దగ్గరికి నడిచొచ్చింది. "అక్కా, మూల గది రెడీ. సామాను పైకి పంపించమంటారా?" అంటూ లోపలికి తొంగి చూసింది. ముందు కొత్త చొక్కా కనబడింది, తరవాత ఒళ్ళో వాలిపోయిన కుడిచెయ్యి, వెనక మడతపెట్టిన కుర్చీ. మాట ఆపేసింది. "ఈయన..."

చుట్టాలని అనొచ్చు. డ్రైవరుగారి అన్నయ్య అనొచ్చు. రెండూ నోటి దాకా వచ్చాయి. భర్త ఆమె వైపు చూడకుండా గడ్డి వైపు చూస్తున్నాడు.

"మా ఆయన" అంది గదులక్క. "నడవలేరు. పదకొండు నెలలైంది. నూట ఆరులో ఉన్నాయన్ని పది నిమిషాలు బయటికి రమ్మని అడుగు. నా పేరు చెప్పి అడుగు."

అమ్మాయి ముఖంలో ఆమె ఇన్నాళ్ళూ భయపడ్డదంతా వచ్చింది. కళ్ళు తడయ్యాయి, పెదవి కదిలింది, పాపం అన్న మాట అనకపోయినా వినబడింది. అమ్మాయి సీసా అక్కడే పెట్టి లోపలికి పరిగెత్తింది. పదకొండు నెలలు దాచిన మాట చెప్పడానికి గదులక్కకి ఎంతసేపు పట్టింది, ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నూట నాలుగులో గోడ కొట్టడం మొదలైంది.